ఏలినవారి నిర్వాణ మహోత్సవం

చంపకావతీ నగరం ఆనాడు పెళ్ళికూతురిలా ముస్తాబయింది. రాజవీధికి ఇరువైపులా గెలలతో సహా అరటిచెట్లు పాతారు. మేడల మీదినుంచి పసుపుపచ్చని పట్టువస్త్రాలు జలపాతాల్లా జాలువారుతున్నాయి. నలభై ఏనుగుల కుంభస్థలాల మీద ధర్మచక్రాలు చిత్రించారు. చక్రానికి ఆకులు ఎనిమిదా, పదా అన్న వాదం ఎంతకీ తెగక మావటివాళ్ళు సగం ఏనుగులకు ఎనిమిది, సగానికి పది వేసి ఊరుకున్నారు. ఆస్థాన నర్తకులు వైరాగ్యం మీద కొత్తగా కట్టిన నాట్యాన్ని వడ్డాణాలు గలగలమనిపిస్తూ సాధన చేస్తున్నారు.

దండోరావాడు డప్పు మోగించాడు.

“వినండహో! ఈ మిట్టమధ్యాహ్నం ఏలినవారు సింహఘంట మహారాజులుంగారు నిర్వాణం పొందబోతున్నారహో! ఎవరూ ఏడవకూడదహో! ఈ రోజుతో రాజ్యంలో దుఃఖం రద్దయిందహో! ఏడ్చినవాళ్ళకు పది కొరడా దెబ్బలహో!”

ఈ సంబరానికంతటికీ మూలకారకుడు శూన్యపాదుడనే సన్యాసి. మహారాణి మాలతీలత విషజ్వరంతో కన్నుమూసి ఏడాదయింది. ఆనాటినుంచి సింహఘంటుడు సింహాసనం మీద కూర్చున్నా, పానుపు మీద పడుకున్నా ఒక్కటే అన్నట్టు ఉండేవాడు. అటువంటి అదను చూసి ఆరునెలల కిందట శూన్యపాదుడు ఎక్కడినుంచో ఊడిపడి, నాగశిఖరం కింద ఉన్న పాత గుహ ముందు మకాం పెట్టాడు. “ఎనిమిది అంగాల మార్గమంటూ ఏళ్ళూ పూళ్ళూ నడవడం తెలివితక్కువ. నా గుహలోకి నూరడుగులు వెయ్యండి, చాలు. దుఃఖం ఆఖరు!” అని చాటించాడు.

లోపలికి వెళ్ళినవాళ్ళలో ఒక్కరూ బయటికి రాలేదు. దాంతో జనానికి నమ్మకం రెట్టింపయింది. ముక్తి పొందినవాడు తిరిగివస్తాడా? తిరిగివస్తే కదా అనుమానించవలసింది! రెండువందల పైచిలుకు మనుషులు ఆ నమ్మకంతోనే లోపలికి నడిచారు. ఇప్పుడు రాజు వంతు. గుహలో అడుగుపెట్టే ముందు రాజ్యాన్ని శూన్యపాదుడి చేతిలో ధారపోయడానికి బంగారు కలశం కూడా సిద్ధమైంది.

సరిగ్గా అదే సమయంలో, ఊరి చివర శిథిలమైన విహారం వంటసాలలో, నీలాక్షి నది మీద పడవ నడిపే మైలారు పీట మీద కూర్చుని తల గొరిగించుకుంటున్నాడు. కత్తి పట్టుకున్నది కుశలస్థవిరుడు. డెబ్బై ఏళ్ళు దాటిన ఆ భిక్షువుకు చేయి వణుకుతుంది. నోరు మాత్రం వణకదు.

“తాతా! చెవి! చెవి!” అని మైలారు కేక వేశాడు.

“చెవి నీది అనుకోవడంవల్లే నీకు బాధ. కదలకు.”

“నాది కాకపోతే మీదా ఏమిటి, అంత ధైర్యంగా కోస్తున్నారు?”

ఎదురుగా గచ్చు మీద యువరాణి కువలయ కూర్చుని ఉంది. నడుము దాటే తన జడను ఆమె అప్పుడే కొడవలితో కోసి పారేసింది. నున్నగా గొరిగిన తలతో, కాషాయపు ముతకబట్టలో, ఒళ్ళో ఖడ్గం పెట్టుకుని ఆమె యుద్ధానికి బయలుదేరిన భిక్షుణిలా ఉంది.

“మైలారూ, భిక్షువు వేషంలో నాన్నగారి వెంట ఆ గుహలోకి నువ్వు వెళ్ళితీరాలని నా బలవంతం లేదు. భయమైతే ఇప్పుడే చెప్పు” అంది.

“భయం సంగతి అడక్కండమ్మా. అది ఎలాగూ వెంట వస్తుంది. మా ఓబన్న మామ ఆ గుహలోకి పోయి నాలుగు నెలలయింది. తల్లీతండ్రీ లేనివాణ్ణి పెంచి పెద్దచేసి, తెడ్డు పట్టడం నేర్పింది ఆయనే. ఆయనకు ముక్తి గొడవే లేదు. ‘దుఃఖాలన్నీ పోతాయంటున్నారు గదరా, మోకాళ్ళ నొప్పి దుఃఖం కాదా ఏమిటి’ అంటూ కుంటుకుంటూ పోయాడు. ఉన్నాడో లేడో చూసుకోవద్దా?”

కుశలస్థవిరుడు కత్తి తుడుచుకుంటూ, “అయితే నేను చెప్పేది జాగ్రత్తగా విను. ఆ గుహ శూన్యపాదుడిది కాదు. వాడు పుట్టకముందునుంచీ ఉంది. నలభై ఏళ్ళ కిందట నేనూ వెళ్ళాను” అన్నాడు.

యువరాణి ఉలిక్కిపడింది. “భంతే! వెళ్ళి తిరిగివచ్చారా?”

“రాక? లోపల ఒక కొలను ఉంది. ఎవరికి ఏది కావాలో అది అందులో కనిపిస్తుంది. చూశాను. బాగుంది అనుకున్నాను. ఇంతలో కడుపులో ఎలుకలు పరిగెత్తాయి. మిట్టమధ్యాహ్నం దాటితే మాకు భోజనం లేదాయె. ఆకలి అనుకున్నాను, వెనక్కు తిరిగాను. ఆ రోజు పనసకాయ కూర.”

మైలారు పకపక నవ్వాడు. “ఇదేనా తాతా మీ జ్ఞానోదయం?”

“నవ్వరా, నవ్వు. నాతో వచ్చినవాళ్ళు నలుగురు. గొప్ప తపస్సు చేసినవాళ్ళు. నాలుగు రోజులకోసారి ఒక నువ్వుగింజ తినేవాళ్ళు. నలుగురూ కొలనులోకి చేతులు చాచారు. అక్కడే ఉన్నారు ఇప్పటికీ.” ముసలాయన కత్తి పక్కన పెట్టాడు. “మనసులోకి ఏది వస్తే దానికి పేరు పెట్టు. కోపం వస్తే కోపం అను. ఆశ వస్తే ఆశ అను. పేరు పెడితే అది నీ ఎదుట నిలబడుతుంది. పెట్టకపోతే నీ నెత్తినెక్కి కూర్చుంటుంది. మార్గమంతా ఇందులోనే ఉందని నేననను. ఈ పూటకు ఇది చాలు. లే, ఇంత జావ తాగి వెళ్ళు. ఖాళీ కడుపుతో ముక్తికి పోకూడదు.”

నాగశిఖరం ముందు జనం ఇసకేస్తే రాలనంతగా మూగారు. గుహద్వారం పడగ విప్పిన పాము నోరులా ఉంది. ముందు శూన్యపాదుడు నిలబడ్డాడు. తాటిచెట్టంత మనిషి. నున్నటి తల, నల్లని దండం, రెప్పవాల్చని పసుపు కళ్ళు. గంధపుచెక్కతో చేసిన పీఠం మీద సింహఘంట మహారాజు కూర్చుని ఉన్నాడు. అది నలుగురు పడుకోగలిగినంత పెద్దది. రాజు నూరడుగులు నడవడం మర్యాద కాదని మంత్రులు పట్టుబట్టడంతో దాన్ని చేయించారు. పదహారుమంది బోయీలు కళ్ళకు గంతలు కట్టుకుని పీఠాన్ని మొయ్యడానికి సిద్ధంగా ఉన్నారు.

కువలయ మైలారును వెంటబెట్టుకుని తిన్నగా తండ్రి ముందుకు వెళ్ళింది. ఆ బోడితల చూసి రాజు కాసేపు కూతుర్ని గుర్తుపట్టలేదు.

“నాన్నగారూ! మిమ్మల్ని ఆపలేనని నాకు తెలుసు. ఒంటరిగా మాత్రం వెళ్ళనివ్వను. ఈ భిక్షువును మీవెంట తీసుకువెళ్ళండి.”

శూన్యపాదుడు మైలారును ఎగాదిగా చూసి, “అర్హత లేనివాడు ఈ ద్వారం దాటితే భస్మమైపోతాడు. ఓయీ భిక్షూ! ఆవలితీరం ఎన్నడైనా చూశావా?” అని గర్జించాడు.

జన్మలో అబద్ధం సరిగా చెప్పడం చేతకాని మైలారు, “రోజుకు పన్నెండుసార్లు” అన్నాడు.

జనంలో గుసగుసలు బయలుదేరాయి. శూన్యపాదుడి కనుబొమలు ముడిపడ్డాయి.

“ఎలా ఉంటుంది?”

“ఇవతలి తీరంలాగే ఉంటుంది స్వామీ. కాస్త బురద ఎక్కువ.”

“సాధు! సాధు!” అని ముందువరసలో ఒక పండితుడు కన్నీళ్ళు పెట్టుకున్నాడు. వెంటనే కొరడాల సంగతి గుర్తొచ్చి ఉత్తరీయంతో కళ్ళు తుడిచేసుకున్నాడు.

“మరి అక్కడే ఉండిపోక తిరిగి ఎందుకు వచ్చావు?”

“ఈ ఒడ్డున ఇంకా జనం ఉన్నారు కద స్వామీ, ఎక్కించుకోవద్దూ?”

ఈసారి సాధువాదాలకు కొండ మారుమోగింది. ఇద్దరు ముసలమ్మలు ముందుకు ఉరికి మైలారు కాళ్ళమీద పడ్డారు. శూన్యపాదుడి ముఖం కందగడ్డలా మారింది. అతను పిడికెడు బూడిద తీసి గాలిలోకి విసిరాడు. భుగ్గుమని పొగ లేచింది. ఆ పొగలోంచి ముప్పై మూరల నల్లత్రాచు, రోకలిబండంత నాలుక ఆడిస్తూ పైకి లేచింది. జనం కకావికలయ్యారు. ఎనిమిదాకుల ఏనుగులు, పదాకుల ఏనుగులు అనే తేడా లేకుండా అన్నీ పరుగు లంకించుకున్నాయి. పాము పడగెత్తి తిన్నగా మైలారు మీదికి వచ్చింది.

“పరిగెత్తు!” అంది కువలయ పళ్ళ బిగువున.

“కాళ్ళు రావడంలేదమ్మా!” అన్నాడు మైలారు పెదవులు కదపకుండా.

అది నిజం. భయంతో అతని కాళ్ళు గూటాల్లా దిగబడిపోయాయి. రెప్ప వెయ్యడం కూడా మరిచిపోయాడు. పాము అతని ముఖం మీద కాటువేసింది. వేసి, మళ్ళీ పొగైపోయి, అతని చెవుల పక్కనుంచి అటూ ఇటూ చెదిరిపోయింది. అది ఉత్త కనికట్టు. జనానికి ఆ సంగతి తెలియదు. మహాసర్పం ఎదుట చలించకుండా నిలబడ్డ మహానుభావుణ్ణి చూసి వాళ్ళు సాష్టాంగపడ్డారు.

మహారాజు నీరసంగా చేయి ఎత్తి, “ఈయన నాతో వస్తాడు” అన్నాడు.

శూన్యపాదుడు వంకరగా నవ్వి దారి ఇచ్చాడు. గుహకు బలి కావడానికి ఒకడు ఎక్కువైతే వాడికి పోయేదేముంది?

నూరడుగులు. గుహ లోపల చీకటి లేదు. గోడలనిండా పొదిగినట్టున్న స్ఫటికాలు ఆకుపచ్చని వెలుగు చిమ్ముతున్నాయి. పైకప్పునుంచి ఏనుగు దంతాల్లాంటి శిలలు వేలాడుతున్నాయి. ఒక్కొక్కదాని కొసనుంచి ఒక్కొక్క నీటిబొట్టు, వీణతీగ మీటినట్టు కింద కొలనులోకి రాలుతోంది. బొట్లు పడుతున్నా ఆ కొలను ఎంత నిశ్చలంగా ఉందంటే, నీరు ఎక్కడ మొదలైందో కంటికి ఆనదు. బోయీలు ఒడ్డున పీఠం దించి, ఒకరి భుజం ఒకరు పట్టుకుని తడుముకుంటూ బయటికి వెళ్ళిపోయారు.

అప్పుడు చూశాడు మైలారు. కొలను చుట్టూ రాతిమనుషులు. ఆడా మగా, ముసలీ ముతకా, వందలమంది మోకరిల్లి, నీటివైపు చేతులు చాచి ఉన్నారు. అందరి పెదవుల మీదా చిరునవ్వు.

“ఎంత ప్రశాంతంగా ఉన్నారో చూశావా!” అన్నాడు రాజు.

మైలారు చూపు వరుసల వెంట పోయింది. నాలుగో వరుసలో ఒక బొమ్మ మోకరిల్లలేదు. ఒక మోకాలు వంగక, గోడను ఆనుకుని, ఒంటికాలి మీద ముందుకు వాలి చేయి చాచింది. మైలారు దగ్గరకు వెళ్ళి ఆ రాతిభుజం మీద చేయి వేశాడు. చల్లగా ఉంది. తెడ్డు వేసి వేసి కాయలు కాసిన అరచేతులు, ఆ కాయలతో సహా రాయైపోయాయి.

“మామా” అన్నాడు.

వెనకనుంచి రాజు కేక వినిపించింది. “మాలతీ!”

సింహఘంటుడు పీఠం దిగి నీటి అంచుకు పరిగెడుతున్నాడు. మైలారు ఒక్క గంతులో వెళ్ళి ఆయన నడుము వాటేసుకున్నాడు. రాజు ఏడాదిగా సరిగా తిండి తిననివాడైనా ఒకప్పుడు మదపుటేనుగులను లొంగదీసినవాడు. ఒక్క విదిలింపుతో మైలారును అవతలికి విసిరికొట్టాడు. మైలారు బోర్లాపడ్డాడు. ముఖం సరిగ్గా నీటికి జానెడు ఎత్తున ఆగింది.

నీటిలో ఓబన్న ఉన్నాడు.

ఇసకతిన్నె మీద గంతులు వేస్తున్నాడు. కుంటడం లేదు. “ఒరే మైలా! చూశావా, మోకాళ్ళు ఎలా పనిచేస్తున్నాయో! ఏరు పొంగుతోందిరా. చెయ్యి అందుకో, పడవ తోద్దాం” అంటున్నాడు. అదే గొంతు. పొద్దున్నే గొంతులో ఉండే ఆ గురగుర కూడా అదే.

మైలారు చేయి చాచాడు. వేలికొస నీటిని తాకింది. చిటికెనవేలు గోరుదాకా తెల్లబడి రాయైంది. అతనికి అది పట్టలేదు. మామ నవ్వుతున్నాడు, అంతే కావాలి. అయితే ఆ నవ్వు వెనక, నీటి ఉపరితలం మీద ఇంకో నీడ పడింది. ఒంటికాలి మీద వాలిన రాతి ఓబన్న నీడ. రెండు ముఖాలూ ఒకదానిమీద ఒకటి పడ్డాయి.

“దుఃఖం” అన్నాడు మైలారు.

ఏమీ జరగలేదు. గుండె పిండేస్తూనే ఉంది. ఇంకోసారి, గట్టిగా, “దుఃఖం! ఇది దుఃఖం! మా మామ నాకు కావాలి. ఇది ఆశ!” అని అరిచాడు. ఆ అరుపులో కన్నీళ్ళు బొటబొటా నీటిలో రాలాయి. ఏడుపు ఆగలేదుగానీ చేయి ఆగింది. మెల్లగా వెనక్కు తీసుకున్నాడు. నీటిలో ఓబన్న ఇంకా పిలుస్తూనే ఉన్నాడు. మైలారు వింటూనే లేచి నిలబడ్డాడు.

రాజు అప్పటికి మోకరిల్లి రెండు చేతులూ చాస్తున్నాడు.

“దొరా! ఆగండి! మీకు కనపడుతున్నది ఎవరు?”

“నా మాలతి. పిలుస్తోంది. అడ్డు రాకు.”

“సరే, రాను. ఒక్క మాట చెప్పి వెళ్ళండి. అమ్మగారు ఎక్కడున్నారు?”

“ఇదుగో, ఇక్కడే…” అన్నాడు రాజు నీటివైపు చూస్తూ.

“ఏడాది కిందట మీరు దగ్గరుండి చితి ముట్టించింది ఎవరికి దొరా?”

సింహఘంటుడి పెదవులు చాలాసేపు కదిలాయి. చివరికి, “మాలతికి. ఆమె లేదు. పోయింది” అన్నాడు. అని, రాజలాంఛనాలన్నీ మరిచి, సంతలో తల్లి చేయి తప్పిన పసివాడిలా భోరున ఏడ్చాడు. ఏడాదిలో అదే మొదటిసారి. తన ఆజ్ఞ ప్రకారం ఆయనకు అప్పటికి యాభై కొరడా దెబ్బలైనా పడవలసింది.

కొలనులో కనిపించిన రూపాలు చెదిరాయి. ఎన్నడూ కదలని ఆ నీటిలో మొదటిసారి ఒక అల పుట్టింది.

“ద్రోహులారా!”

గుమ్మంలో శూన్యపాదుడు! కళ్ళకు నల్లగుడ్డ కట్టుకుని, దండంతో నేల తడుముతూ వస్తున్నాడు. “మీ ఆశలే నా కొలనుకు ఆహారం. వదులుకోవడం నేర్పుతావురా దాన్ని ఎండగట్టేందుకు? ఈ రాళ్ళను మళ్ళీ మనుషుల్ని చేసే మంత్రం లోకంలో నాకొక్కడికే తెలుసు. అది నాతోనే పోతుంది!”

అతని వెనకే ఖడ్గం ఝళిపిస్తూ కువలయ దూసుకువచ్చింది. గుమ్మం దగ్గర నలుగురు శిష్యులను చితకబొడిచిన గుర్తుగా ఆమె భుజం మీద నెత్తురు కారుతోంది. “నువ్వు ముందు మంత్రం చెప్పు, తర్వాత పోదువుగాని!” అంటూ ఖడ్గం ఎత్తింది. దెబ్బ తగిలేలోపల మాంత్రికుడు దండంతో నేలను బలంగా పొడిచాడు. కొండ కడుపులో ఉరుము ఉరిమింది. కొలను అడుగు తెరుచుకుంది. నీళ్ళు గిర్రున సుడి తిరుగుతూ గుహలో ఉన్న సమస్తాన్నీ కిందికి లాగసాగాయి. శూన్యపాదుడు గబ్బిలంగా మారి కీచుమంటూ పైకప్పులోని పగులులోకి దూరాడు. అతని దండం మాత్రం కిందపడిపోయింది.

“పీఠం! పీఠం ఎక్కండి!” అని మైలారు అరిచాడు.

రాజును కూతురు ఎక్కించింది. మైలారు దండం అందుకుని పీఠం మీదికి దూకాడు. పోతూ పోతూ ఓబన్న వైపు చూశాడు. రాతికాళ్ళు నేలలోనే పాతుకుని ఉన్నాయి. చుట్టూ నీళ్ళు సుడి తిరుగుతున్నా ఆ బొమ్మ చలించలేదు. “వస్తాను మామా. ఎక్కడికీ పోకు” అన్నాడు.

సుడి పీఠాన్ని మింగేసింది. ఒళ్ళంతా తడిసినా ఎవరూ రాయి కాలేదు; ఆ నీటికి ఆశతో చేయి చాచినవాడే కావాలి.

ఆ తరవాత జరిగినదాన్ని మైలారు నీలాక్షి వరదల్లో రాటుదేలిన పడవవాడు కనుక తట్టుకున్నాడు. ఇంకొకడైతే మొదటి మలుపులోనే తల పగిలి చచ్చేవాడు. భూగర్భంలో నది బాణంలా దూసుకుపోతోంది. శిలలు తలలమీదినుంచి రివ్వుమని పోతున్నాయి. మైలారు ఆ దండాన్నే గడగా వేస్తూ “వంగండి!” అంటే ముగ్గురూ వంగారు. “ఎడమకు వాలండి!” అంటే వాలారు. గంధపుచెక్క ఒక రాతికి కొట్టుకుని మూల విరిగినప్పుడు గుహంతా ఘుమఘుమలాడింది. ఒక జలపాతం మీదినుంచి పడ్డారు. ఇంకోదాని మీదినుంచి ఇంకా ఎత్తునుంచి పడ్డారు.

“నాకు ఆకలేస్తోంది” అన్నాడు మహారాజు ఆశ్చర్యంగా, రెండు జలపాతాల నడుమ. కువలయ తండ్రిని కౌగిలించుకుని నవ్వుతూ ఏడ్చింది.

ఒక్కసారిగా కళ్ళు మిరుమిట్లు గొలిపే ఎండ. పీఠం ఒక విశాలమైన సరస్సులోకి విసురుగా వచ్చి, తామరతూళ్ళను చీల్చుకుంటూ ఒడ్డుకు చేరి ఆగింది.

అది ఎవరూ ఎరుగని దేశం. ఒడ్డుపొడుగునా మల్లెపూవుల్లా తెల్లని తలపాగాలు చుట్టుకున్న సైనికులు వేలమంది బారులుతీరి నిలబడి ఉన్నారు. వాళ్ళ వెనక ఆకాశాన్నంటే స్తూపాలు, ముత్యాలు పోగుపోసినట్టు మెరుస్తున్నాయి. అన్నీ కొత్తగా సున్నం కొట్టినవే. ఒక్కొక్కదాని ముందు చిన్న తలుపు, ఆ తలుపు బార్లా తెరిచి ఉంది.

పండు గడ్డపు సేనాని ఒకడు ముందుకు వచ్చి, కన్నుల్లో భక్తి ఉప్పొంగుతుండగా నేలమీద సాగిలపడ్డాడు. “మహాత్ములారా! జ్ఞానం పొందినవాడు ఒకనాడు నీటిలోంచి వస్తాడని మా ధర్మగ్రంథం చెబుతోంది. మూడువందల ఏళ్ళుగా ఎదురుచూస్తున్నాం. మీ ముగ్గురిలో ఆ పుణ్యమూర్తి ఎవరు?”

కృతజ్ఞతతో గుండె నిండిపోయిన సింహఘంట మహారాజు లేచి నిలబడి, మైలారు చేయి పట్టుకుని పైకెత్తి, “ఇతడే!” అని ఎలుగెత్తి చాటాడు.

శంఖాలు మోగాయి. వేల కంఠాలు జయజయధ్వానాలు చేశాయి. సైనికులు మైలారును భుజాలకెత్తుకుని పూలలో ముంచేశారు. అంత సందడిలోనూ అతని చూపు స్తూపాల మీదికే పోతోంది.

“అయ్యా సేనానిగారూ, అవి మొత్తం ఎన్ని?”

“ఎనిమిది స్వామీ.”

“లోపల ఏముంటాయి?”

“ప్రస్తుతం ఖాళీ. పుణ్యమూర్తి ధాతువులను, అంటే అస్థికలను, ఎనిమిది సమభాగాలు చేసి, ఒక్కో స్తూపంలో ఒక్కో భాగం ఉంచాలని గ్రంథంలో ఉంది.”

మైలారు మెడమీది పూలు దులుపుకుంటూ అడిగాడు. “ఆ పుణ్యమూర్తి కాలం చేశాకనేగదా?”

సేనాని చిరునవ్వు చెక్కుచెదరలేదు. వెనక్కు తిరిగి, పెద్ద తాళపత్ర గ్రంథం మోస్తున్న పూజారిని చూశాడు. పూజారి ఆకులు అటూ ఇటూ తిప్పి, మళ్ళీ తిప్పి, తల అడ్డంగా ఊపాడు.

“ఆ వివరం రాసి లేదు స్వామీ” అన్నాడు సేనాని.